మూడు వందల పన్నెండు రోజులు

ఏదీ, ఆ ఫోను ఇటు ఇయ్యి ఒకసారి. కొంచెం పెద్దది చెయ్యమ్మా, కళ్ళజోడు పెట్టుకున్నా నాకు ఆనదు. ఆఁ. నాదే. నా చెయ్యే అది, అనుమానం లేదు. ప్రతి అక్షరానికీ ఎడంపక్క సన్నటి నల్ల గీత ఉందే, నీడలాగా, అది ఈ ఊళ్ళో నేను తప్ప ఎవడూ వేసేవాడు కాదు. ఎక్కడ దొరికిందన్నావ్ ఈ చెక్క పలక? మీ అమ్మ బీరువా వెనకాలా? దుప్పటి చుట్టి ఉందా? ఏంటోనమ్మా. మీ అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టిస్తానని నా మొహం మీదే అంది, వందమంది ముందు. ముప్పై ఏళ్ళుగా అది బూడిదైపోయిందనే అనుకుంటున్నా. దుప్పట్లో చుట్టి దాచిందా! సరే సరే, చెబుతాను, కంగారుపడకు. మీ తాత ఫొటో కింద పెట్టిన ఆ పలక మీద 'మూడు వందల పన్నెండు రోజులు' అని ఎందుకు రాసుందనేగా నీ ప్రశ్న? ఒక్క ముక్కలో తేలేది కాదది. కూర్చో ముందు. ఆ నీలం కుర్చీ వద్దు, దాని నడ్డి విరిగింది. ఇదిగో, ఇందులో. ఫ్లాస్కులో టీ ఉంది, ఆరింటికి మనవాళ్ళొస్తారని తెప్పించాను. పోసుకో. నాకొద్దు, ఇప్పుడే తాగాను.

పక్క మెట్లెక్కావు కదూ ముందు? నాకు తెలుసు. కంప్యూటర్ క్లాసులు చెప్పే అమ్మాయి 'అది పక్క మెట్లండీ' అని కేకేయడం ఇక్కడికి వినబడింది. ఆ పిల్లకి ప్రతి శనివారం ఇదే పని, పాపం. తప్పు నాది. కింద రేకు బోర్డు చూశావుగా, 'తాగుడు మానాలనుకునేవాళ్ళు పైకి రండి, శనివారం సాయంత్రం ఆరు గంటలు' అని? ఆ బోర్డు మీద బాణం పక్క బిల్డింగు మెట్లకేసి చూపిస్తుంది. నేనే వేశాను. పీకలదాకా తాగి వేశాను. ఏంటి నవ్వుతున్నావ్? నిజమే. మీ తాత గడియారాలు బాగుచేసే షాపు సరిగ్గా ఈ గది కిందే ఉండేది. ఒకరోజు నన్ను పిలిచి, 'ఏమోయ్ రంగులూ, ఒక బోర్డు రాస్తావా?' అన్నాడు. అందరూ నన్ను రంగులూ అనే పిలిచేవాళ్ళులే. 'రాయడమేంటి పెద్దాయనా, నిద్రలో రాసి పడేస్తా' అన్నాను. 'నిద్రలో వద్దు, మెలకువగా ఉన్నప్పుడే రాయి' అన్నాడు. ఆ మాట మీద నాకు ఒళ్ళు మండింది. నేను మెలకువగా లేనిదెప్పుడు? ఆ పౌరుషంలో ఇంకో రెండు గ్లాసులు వేసుకుని నిచ్చెనెక్కాను. మొదటి మాట కొండంత రాశానా, చివరికొచ్చేసరికి జాగా చాలక 'రండి' అనేది మూలకెళ్ళి నక్కింది. లైను మొత్తం కుడివైపు జారిపోయింది. ఇక బాణం సంగతి నీకు తెలుసు. ఊళ్ళో సగం షాపుల బోర్డులు నావే, నన్ను మించినవాడు లేడని ఛాతీ విరుచుకు తిరిగేవాణ్ణి. మర్నాడు మత్తు దిగి ఇటొస్తే ఎదురుగా నలుగురు నిలబడి బోర్డు చూసి పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

పక్క మేడ మీద అప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అక్కడి మేడమ్ నన్ను చూసి కిటికీలోంచే దులిపేసింది. 'ఏమయ్యా, నీ పుణ్యమా అని నిన్న ఇద్దరొచ్చారు, ఒకాయన టైపు మిషను ముందు కూర్చుని గంటసేపు ఏడ్చాడు, పరీక్ష తప్పాడేమోనని నేను ఓదార్చాను' అంటుంది. నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బా, బ్రష్షు పట్టుకుని మీ తాత దగ్గరికెళ్ళాను, 'నిచ్చెన ఇయ్యి, ఇప్పుడే సరిచేస్తాను' అని. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని ఏదో చేతిగడియారంలో తల దూర్చి ఉన్నాడు. తలెత్తలేదు. 'బాణం అలాగే ఉండనీ' అన్నాడు. అదేంటంటే, 'తాగుడు మానాలని వచ్చినవాడు పక్క మెట్లెక్కుతాడు. అక్కడ ఒక ముక్కూ మొహం తెలియని మనిషిని, తాగుడు మాన్పించేది ఎక్కడండీ అని నోరు తెరిచి అడగాలి. అడిగాడంటే సగం పని అక్కడే అయిపోయింది. నాకు మిగతా సగమే' అన్నాడు. అలాంటి బుర్ర మీ తాతది. 'మరి అక్షరాలు?' అన్నాను. అప్పుడు భూతద్దం తీసి నా చేతులకేసి చూశాడు. మొహం కాదమ్మా, చేతులు. గడియారాలాయన కదా, ఎవరొచ్చినా ముందు చేతులే చూసేవాడు. 'శనివారం ఆరింటికి పైకి రా. చెయ్యి తిన్నగా ఉంటే సరిచేద్దువుగాని' అన్నాడు. అంతే. తాగుడు మాటే ఎత్తలేదు. నేనేమో బోర్డు సరిచేయడానికొచ్చాను. అలా వచ్చినవాణ్ణి ఇప్పటికీ వస్తూనే ఉన్నాను, ఆ బోర్డు మాత్రం ఇప్పటికీ సరిచేయలేదు.

మొన్న ఈ బిల్డింగు ఓనరు కొడుకొచ్చాడు. 'తాతగారూ, ఆ బోర్డు తీసేద్దామండీ, కింద నగల షోరూమ్ వాళ్ళు అడుగుతున్నారు, ఇలాంటి బోర్డుంటే మంచి కుటుంబాలు రావట' అంటాడు. మంచి కుటుంబాలు! ఈ మెట్లెక్కిన వాళ్ళంతా ఏ కుటుంబాల్లోంచి ఊడిపడ్డారనుకున్నాడో? 'బాబూ, నేను పోయాక తీసుకో. అప్పటిదాకా దాని మీద చెయ్యి పడితే అదే చేత్తో నువ్వే తిరిగి కట్టాల్సొస్తుంది' అన్నాను. మళ్ళీ రాలేదు. ఎక్కడున్నాను? ఆఁ, గడియారం.

అదిగో, ఆ గోడ మీద. మీ తాతదే. కీ ఇచ్చే గడియారం, లోలకం ఉన్నది. ఎనిమిది రోజులు నడుస్తుంది, వారానికోసారి కీ ఇవ్వాలి. ఇక్కడ పద్ధతి ఏంటంటే, శనివారం ఆరు కొట్టగానే, ఎవరూ నోరు తెరవకముందే, గదిలో ఉన్నవాళ్ళలో ఎవరు మానేసి తక్కువ రోజులయిందో వాళ్ళు లేచి, స్టూలెక్కి, గడియారానికి కీ ఇవ్వాలి. పధ్నాలుగు చుట్లు. ఎవరూ పేరు పెట్టి పిలవరు, ఎవరూ వేలెత్తి చూపరు. ఎవరి లెక్క వాళ్ళకి తెలుసు, వాళ్ళే లేస్తారు. ఆ తర్వాతే మాటలు. ఒకళ్ళు చెబుతుంటే మిగతావాళ్ళు వింటారు, సలహాలివ్వరు, ఎందుకు తాగావని అడగరు. ఇంతకు మించి ఇక్కడ మంత్రాలేం లేవు. మొదటి శనివారం నేనే కదా అందరికన్నా కొత్త, స్టూలెక్కాను. చెయ్యి వణుకు. కీ కన్నంలోకి పోదే! అటు గీసి ఇటు గీసి, చెమటలు పట్టేశాయి. ఏడుగురున్నారు గదిలో. ఒక్కడు నవ్వితే దూకి పారిపోదామని చూశాను. ఒక్కడూ నవ్వలేదు. ప్రతి ఒక్కడూ ఆ స్టూలెక్కి దిగినవాడేగా. పదకొండు వారాలు నేనే ఇచ్చాను కీ, పన్నెండో వారం ఒక కొత్తాయనొచ్చి లేచాడు. నాకెంత సంతోషమేసిందంటే, ఛ, చెప్పుకుంటే సిగ్గు, ఇంకొకడి కష్టం చూసి అంత సంతోషించడం.

మీ తాత అప్పటికే పదిహేనేళ్ళ కింద మానేశాడు. ఆయన ఎందుకు మానేశాడో తెలుసా? ఒకరోజు గడియారంలో వెంట్రుకంత స్ప్రింగు పెట్టబోతే వేళ్ళు మాట వినలేదట. ఆ స్ప్రింగు ఎగిరి ఎటో పోయింది. నేల మీద పాకి రెండు గంటలు వెతికి, దొరికాక అక్కడే కూర్చుని, 'ఇక చాలు' అనుకున్నాడట. ఆయన చెప్పిందింతే. అలా శనివారాలు గడిచి నాకు నాలుగేళ్ళు నిండాయి, ఆయనకి పంతొమ్మిది. పంతొమ్మిదేళ్ళంటే మాటలా! ఊళ్ళో ఎవడింట్లో తాగుడు గొడవైనా 'గడియారాలాయన దగ్గరికి పంపండి' అనేవాళ్ళు. మేమంతా ఆయన్ని చూసి, ఈయనకి సాధ్యమైంది కాబట్టి మనకీ అవుతుందనే ధీమాతో బతికాం. అదే మేం చేసిన తప్పు, ఇప్పుడు తెలుస్తోంది. ఒక మనిషి నెత్తిన అంత బరువు పెట్టకూడదు.

అప్పుడే ఒక వారం బుధ, గురు, శుక్రవారాలు షాపు షట్టరు దించే ఉంది. జ్వరమేమో అనుకున్నాం. శనివారం అందరికన్నా ముందొచ్చి, ఇదిగో ఈ మూల కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆరు కొట్టింది. అప్పటికి మాలో కొత్త పోస్టుమాన్, ఇరవై రోజులు. అతను లేచి, మేకుకున్న కీ మీద చెయ్యేశాడు. 'కూర్చోవయ్యా, ఇవాళ నీ వంతు కాదు' అన్నాడు మీ తాత. పోస్టుమాన్ అటూ ఇటూ చూశాడు, కొత్తవాళ్ళెవరూ లేరు. మీ తాత లేచి, అతని చేతిలోంచి కీ తీసుకుని, 'నిన్న తాగాను. మొన్న కూడా తాగాను. అటు మొన్న కూడా. ఇంకా ఒక్క రోజు కూడా నిండలేదు నాకు. వంతు నాది' అన్నాడు. ఆ తర్వాత కోర్టు గుమాస్తా లేచాడు. వాడు ఆరేళ్ళ నుంచి మానేసినవాడు, నోరు పెద్దది. 'పంతొమ్మిదేళ్ళు మా నెత్తినెక్కి కూర్చుని ఇప్పుడిలా చేస్తావా? నిన్ను నమ్ముకుని వచ్చామే! ఎందుకు తాగావో చెప్పు ముందు!' అని అరిచాడు. మీ తాత స్టూలు గోడ దగ్గరికి జరుపుకుంటూ, 'కారణం చెప్పను. చెబితే మీరంతా దాన్ని దాచుకుంటారు, రేపు మీకు పనికొస్తుందని' అన్నాడు. అలాగే అన్నాడమ్మా, ఒక్క అక్షరం నేను కలపలేదు. గుమాస్తా కుర్చీ తన్నేసి వెళ్ళిపోయాడు. వాడి వెనక ఇంకో ముగ్గురు. వాళ్ళ వెనక నేను.

అవును, నేనే. ఎందుకలా చూస్తావ్? నీకు నేనేదో ఆయన వెన్నంటి నిలబడ్డానని చెబుతాననుకున్నావా? ఆయనకే లేని నిగ్రహం నాకెక్కణ్ణుంచొస్తుంది, ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని ఏం బావుకున్నాను, ఇదే ఆలోచన. తిన్నగా రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మందు షాపులోకెళ్ళాను. నాలుగేళ్ళ తర్వాత. కౌంటరు మీద చెయ్యి పెట్టి ఫలానాది ఇయ్యి అన్నాను. వాడు లోపలికెళ్ళి తేవాలి. ఆ సందులో వెనక్కి తిరిగి చూశానమ్మా. ఈ కిటికీ ఉందే, దీనికప్పుడు తెర లేదు. లైటు వేసి ఉంది. మీ తాత స్టూలు మీద నిలబడి ఉన్నాడు. చెయ్యి పైకెత్తి ఉంది. కీ కన్నంలోకి పోవడం లేదు ఆయనకి. ఆడవాళ్ళ చేతిగడియారాల్లో వెంట్రుకలాంటి స్ప్రింగు కూర్చోబెట్టే చెయ్యి, గుడ్లగూబ కన్నంత పెద్ద కన్నంలో కీ పెట్టలేకపోతోంది. ఒకసారి దించుకుని చొక్కాకి తుడుచుకున్నాడు. మళ్ళీ ఎత్తాడు. దిగొచ్చు కదా? మిగిలింది ముగ్గురు, పోస్టుమాన్‌తో కలిపి. ఇంకొకరికి ఇవ్వొచ్చు కదా? దిగడే! నా సీసా వచ్చింది, పక్కన పెట్టాడు, నేను చూస్తూనే ఉన్నాను. ఎంతసేపో తెలీదు. ఆఖరికి చెయ్యి తిరగడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. నేనిక్కడ లెక్కపెడుతున్నాను. పధ్నాలుగు చుట్లూ అయ్యాక స్టూలు దిగాడు. కౌంటరువాడు 'ఏమండీ, తీసుకోరా?' అంటున్నాడు. 'వద్దులే' అని రోడ్డు దాటి మళ్ళీ మెట్లెక్కాను. లోపలికొస్తే మీ తాత ఒక్కసారి నా చేతులకేసి చూసి, 'ఖాళీగానే వచ్చావుగా, కూర్చో' అన్నాడు.

ఆ గుమాస్తా ఊరుకున్నాడా? ఊరంతా చాటేశాడు. 'గడియారాలాయన దొంగతాగుడు తాగుతున్నాడు' అని చిలవలు పలవలు. పంతొమ్మిదేళ్ళూ చాటున తాగాడని కూడా అన్నారు. షాపు ముందు నుంచి వెళ్తూ గ్లాసెత్తినట్టు చెయ్యి ఊపి ఇకిలించేవాళ్ళు. దాంతో కొత్తవాళ్ళు రావడం మానేశారు. ఎవరొస్తారు? కొత్తవాళ్ళు రాకపోతే ఏమవుతుంది? అందరికన్నా తక్కువ రోజులు ఆయనవే కదా. వారం వారం ఆయనే కీ ఇవ్వాలి. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. ఒకరోజు ఉండబట్టలేక, 'పెద్దాయనా, ఈ ఒక్క వారం నేనిస్తాను' అన్నాను. 'నీకు రోజులెక్కువ, నీకు అర్హత లేదు' అన్నాడు మొహాన్నే! కావాలంటే స్టూలు పట్టుకోమన్నాడు. స్టూలు పట్టుకోనిచ్చేవాడు, కీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అలా ప్రతి శనివారం ఆయన పైన, నేను కింద.

నేనేం చేశానో తెలుసా, నవ్వకు మరి. తాగుబోతుల కోసం ఊరంతా గాలించాను. ఒక్క కొత్తవాడు దొరికితే ఈయనకి స్టూలు తప్పుతుంది కదా. మా బావమరిది ఉండేవాడు, పొద్దున లేస్తే సీసాతోనే. వాడి కాళ్ళావేళ్ళా పడ్డాను, 'నాయనా, మానకపోతే మానకు, ఒక్కసారి వచ్చి ఆ గడియారానికి కీ ఇచ్చి పో' అని. 'కీ ఇస్తే ఏమిస్తారు?' అంటాడు వెధవ. ఎలాగో లాక్కొచ్చాను. అప్పటికే పట్టించి వచ్చాడు. ఆరు కొట్టేలోపల ఆ మూల కుర్చీలో గుర్రు పెట్టి నిద్రపోయాడు. లేపుదామని నేను వాడి చెవి దగ్గర అరుస్తుంటే మీ తాత, 'వదిలెయ్యవోయ్, నిద్రపోయేవాడి వంతు లెక్కలోకి రాదు' అని తనే స్టూలెక్కాడు. కీ తిప్పుతూ తిప్పుతూ పైన ఒకటే నవ్వు. స్టూలు ఊగిపోతుంటే నేను కింద గట్టిగా పట్టుకుని నేనూ నవ్వుతున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినబడుతుందమ్మా. ఊరు మొత్తం మొహం మీద ఉమ్మేసిన మనిషి అలా నవ్వగలడని నేను అనుకోలేదు.

నలభై ఐదు శనివారాలు. ఒక్కటి తప్పలేదు. నెలలు గడిచేకొద్దీ చెయ్యి కుదుటపడింది, ఆఖర్లో కీ చూడకుండానే కన్నంలో పెట్టేవాడు. నలభై ఐదో శనివారం అయ్యాక వచ్చిన మంగళవారం మధ్యాహ్నం, షాపులో బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. కంటికి భూతద్దం అలాగే ఉంది. ఎవరో చేతిగడియారం కోసమొచ్చి పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయింది. అప్పటికి మూడు వందల పన్నెండు రోజులు. అదీ సంగతి. ఆ లెక్క నాకు, పోస్టుమాన్‌కి, ఇంకో ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. మీ అమ్మక్కూడా పూర్తిగా తెలీదు.

మీ అమ్మ నన్ను బాబాయ్ అనేది. నువ్వప్పుడు ఆవిడ కడుపులో ఉన్నావు, ఏడో నెల. వ్యాపారుల సంఘం హాల్లో సంతాప సభ పెట్టారు. నా దగ్గరికొచ్చి ఏడుస్తూ, 'బాబాయ్, ఫొటో కింద పెట్టడానికి ఒక పలక రాసివ్వు. ఇరవై ఏళ్ళు మందు ముట్టని మహానుభావుడు, అని రాయి. ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మూయించాలి' అంది. సరేనమ్మా అన్నాను. ఇంటికొచ్చి పలకకి తెల్లరంగు వేసి, గీతలు కొట్టి కూర్చున్నాను. 'ఇరవై' అని పెన్సిలుతో రాశాను కూడా. చెయ్యి ముందుకు పోలేదు. ఇరవై ఏళ్ళని రాస్తే అందులో ఆ మూడు రోజులు పోతాయి, బాగానే ఉంటుంది. కానీ వాటితోపాటు ఆ నలభై ఐదు శనివారాలు కూడా పోతాయి. ఆ స్టూలు పోతుంది. ఊరంతా ఇకిలిస్తుంటే మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాడే, ఆ మనిషే పోతాడు. మందు ముట్టని మహానుభావుణ్ణి నేనేం చేసుకోను? నాకు తెలిసినవాడు తాగి లేచినవాడు. పెన్సిలు చెరిపేసి, 'మూడు వందల పన్నెండు రోజులు' అని రాశాను. పైన ఒక్క మాట లేదు, కింద ఒక్క మాట లేదు. నా జన్మలో అంత తిన్నగా ఎప్పుడూ రాయలేదు, చూశావుగా, ఒక్క అక్షరం ఒరగలేదు. ఆయన రాయమన్నాడా అంటే లేదు. ఎవరూ రాయమనలేదు. నేనే రాశాను.

సభ నిండా జనం. పలక మీద గుడ్డ తీసేసరికి గుసగుసలు. మీ అమ్మ చదివింది, అర్థమైంది. ఆవిడ మొహం నాకింకా కళ్ళ ముందుంది. 'మా నాన్న పరువు తీసి వీధిలో పెట్టావు బాబాయ్. ఆయన పెట్టిన టీలు తాగి ఇదా నువ్వు చేసింది? ఆ పలక పొయ్యిలో పెట్టిస్తాను, ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు' అంది. కడుపుతో ఉన్న పిల్ల. నేను క్షమించమనలేదు. అనాల్సిందేమో. అనలేదు. 'అది నీ తండ్రి సంపాదించుకున్నదమ్మా, ఎంత తక్కువైనా అదే ఆయనది' అని వచ్చేశాను. అంతే, మళ్ళీ నాతో మాట్లాడలేదు ముప్పై ఏళ్ళు. బజార్లో ఎదురైతే పక్క సందులోకి తిరిగేది. బాధ లేదంటే అబద్ధం. కానీ ఇవాళ మళ్ళీ రాయమన్నా అదే రాస్తాను. ఇంకోటి విను. ఆ తర్వాతి శనివారం మేం నలుగురం కూర్చున్నాం, కీ ఇచ్చే మనిషి లేడు, పోస్టుమానే లేవాలి. ఆరు కొడుతుండగా మెట్ల మీద చప్పుడైంది. కోర్టు గుమాస్తా. ఈ గదిలోంచి వెళ్ళిన నెలకే మళ్ళీ మొదలెట్టాడట వాడు, మాకెవ్వరికీ తెలీదు. సభలో వెనక నిలబడి పలక చదివాడట. లోపలికొచ్చి ఎవరి మొహం చూడకుండా మేకు మీది కీ తీసుకుని స్టూలెక్కాడు. నేను వెళ్ళి స్టూలు పట్టుకున్నాను. మరి నేను రాసింది తప్పంటావా, చెప్పు?

నేను మానేసి ఎన్నేళ్ళనుకుంటున్నావ్? ముప్పై దాటాయనుకున్నావు కదూ? పదకొండేళ్ళ ఏడు నెలలు. మీ తాత పోయిన పద్దెనిమిదేళ్ళకి నేనూ తాగాను. కారణం చెప్పను, ఎందుకు చెప్పనో నీకు తెలుసుగా. మర్నాటి శనివారం వచ్చి లేచి నిలబడ్డాను, అరవై దాటిన ముసలాణ్ణి. సిగ్గేసింది కానీ దారి తెలియకపోవడం మాత్రం లేదు, ఎలా లేవాలో చూపించి పోయాడు కదా. ఎవరేమన్నా అనుకోనీ.

అదిగో, వస్తున్నారు. ఈవిడ స్కూల్లో లెక్కల టీచరమ్మ, మూడేళ్ళు. ఆ వెనకాయన హోటల్లో వంట చేస్తాడు, ఐదు నెలలు, ప్రస్తుతం మాలో కొత్త ఆయనే. రండి రండి. ఈ అమ్మాయి మన గడియారాలాయన మనవరాలు. ఏంటి, వెళ్తావా? వెళ్ళాలంటే వెళ్ళమ్మా, ఎవరూ ఆపరు. నీ ప్రశ్నకి జవాబొచ్చింది కదా. ఒక్క మాట. పలక గురించి అడగాలంటే నువ్వు ఏ మంగళవారమో రావచ్చు, ఫోన్ చేయొచ్చు. శనివారం ఐదున్నరకి వచ్చావు. ఆ టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నావు, అయినా సగం ఒలికింది, చీరకొంగుతో తుడిచి నేను చూడలేదనుకున్నావు. నేనూ ముందు చేతులే చూస్తాను తల్లీ, మీ తాత దగ్గర నేర్చుకున్నదే. పక్క మేడ మీద ఆ కంప్యూటర్ అమ్మాయిని నువ్వేమని అడిగావో కూడా వినబడింది. గోడలు పల్చన. బోర్డు రాసే ముసలాయన ఉన్నాడా అని నువ్వు అడగలేదు. నాకేమీ చెప్పక్కర్లేదు, ఎప్పుడు, ఎంత, ఎందుకు, ఏదీ అక్కర్లేదు.

ఆరు కొడుతోంది. వంటాయనా, ఆగు. ఆ కీ మీదనుంచి చెయ్యి తియ్యి. ఒక్క నిమిషం కూర్చోవయ్యా, ఎవరూ మాట్లాడకండి.

ఆఁ. అదే, ఆ మేకుకే ఉంది. కుడివైపుకి తిప్పాలి, పధ్నాలుగు చుట్లు, తొందరేమీ లేదు. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, గోడకి ఆనుకుని ఎక్కు. నేను పట్టుకుంటాను.